ఉష్ణమండల సెలవుల్లో పక్షులు చూడడం, గాలం వేయడం: రెండూ కుదరాలంటే ఎలా?

"వారం రోజులు ఉష్ణమండల తీరానికి వెళుతున్నాం. పక్షులు చూడాలని ఉంది, చేపలూ పట్టాలని ఉంది. రెండింటికీ సమయం సరిపోతుందా?" పాఠకులు పదే పదే అడిగే ప్రశ్న ఇది. దాని వెనకే ఇంకొకటి వస్తుంది: "రెండింటికీ తెల్లవారుజామే మంచిదంటారు, మరి ఏది వదులుకోవాలి?" చాలా రోజుల్లో ఏదీ వదులుకోనక్కర్లేదు. గడియారాన్ని పక్కన పెట్టి, సముద్రపు పోటు వేళల ప్రకారం రోజును పంచుకుంటే చాలు.

ఈ పద్ధతి సముద్రతీరంలో, మడ అడవుల దగ్గర, నదీముఖాల్లో బస చేసేవారి కోసం. కొండవాగుల్లో గాలం వేయడం వేరే విద్య, దాని జోలికి ఇక్కడ పోవడం లేదు.

వెంట ఉండవలసినవి

- 8x42 బైనాక్యులర్ (8 రెట్లు పెద్దదిగా చూపేది, ముందు కటకం వెడల్పు 42 మి.మీ.). 10 రెట్లు పెద్దదిగా చూపేది కొనాలని చాలామందికి ఉబలాటం. అది చేతి వణుకును కూడా అంతే పెద్దది చేస్తుంది, అడవి నీడలో బొమ్మ కాస్త మసకగానూ కనిపిస్తుంది. నీరు చొరనిది, లోపల నైట్రోజన్ నింపినది అయితే మేలు.
- నాలుగు ముక్కలుగా విడదీయగల 7 అడుగుల గాలపు కర్ర, 3000 లేదా 4000 సైజు స్పిన్నింగ్ రీలు, 10 కిలోల బరువు ఆపే అల్లిక దారం, దాని చివర కట్టడానికి 15 నుంచి 20 కిలోల ఫ్లోరోకార్బన్ దారం.
- 10 నుంచి 30 గ్రాముల కృత్రిమ ఎరలు కొన్ని, సర్కిల్ హుక్కులు (కొన లోపలికి వంగి ఉండే గుండ్రటి కొక్కేలు), సీసపు గుండ్లు.
- పొడవు మూతి పటకారు, తీగ కత్తిరించే కట్టరు, ఒక పాత తువ్వాలు. తువ్వాలు ఎందుకో ఏడో మెట్టులో తెలుస్తుంది.
- పోలరైజ్డ్ కళ్లద్దాలు, అంచున్న టోపీ, మందపు అడుగున్న నీటి బూట్లు.
- చిన్న నోటుబుక్కు, పెన్సిలు. తడిసిన కాగితం మీద పెన్ను రాయదు.

విమానంలో వెళ్లేవారు కొక్కేలు, కత్తి, పటకారు పెద్ద పెట్టెలో సర్దండి. బైనాక్యులర్ మాత్రం చేతిసంచిలోనే ఉండాలి. కర్రను క్యాబిన్‌లోకి రానిస్తారో లేదో విమాన సంస్థను ముందే అడగండి.

దోమల మందు విషయంలో ఒక హెచ్చరిక. డీట్ ఉన్న మందు దోమల మీద బాగా పనిచేస్తుంది, ప్లాస్టిక్ మీద ఇంకా బాగా పనిచేస్తుంది. అది అంటిన చేత్తో పట్టుకుంటే బైనాక్యులర్ పైతొడుగు జిగటబారుతుంది, కళ్లద్దాల పూత పోతుంది, కొన్ని రకాల గాలపు దారం పాడవుతుంది. రాసుకున్నాక అరచేతులు సబ్బుతో కడుక్కోండి, లేదా ప్లాస్టిక్‌ను తినని పికారిడిన్ మందు వాడండి. డెంగీ దోమ పగలే కుడుతుంది, మలేరియా దోమ చీకటి పడ్డాక. కాబట్టి మందు రెండు పూటలా రాసుకోవాలి.

1. చోటు, కాలం ఎంచుకోండి

రెండు సరదాలూ ఒకే చోట తీరే ప్రాంతాలు ఉన్నాయి. ఉత్తర ఆస్ట్రేలియాలోని కకాడూ జాతీయ పార్కులో వానలు లేని కాలం చివర, అంటే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, మడుగులు కుంచించుకుపోయి నీటిపక్షులన్నీ మిగిలిన కాస్త నీటి చుట్టూ చేరతాయి. పండుగప్ప ఉండేదీ ఆ నీళ్లలోనే. పనామాలో గాటున్ సరస్సు పీకాక్ బాస్ చేపకు పేరు, ఆ పక్కనే ఉన్న పైప్‌లైన్ రోడ్డు అడవి పక్షులకు పేరు. పసిఫిక్‌లోని కిరిటిమాటి దీవికి బోన్‌ఫిష్ కోసం వెళ్లినవారు సముద్రపక్షుల గుంపులు చూసి కర్ర కింద పెట్టేస్తారు. అయితే పక్షులు గూళ్లు పెట్టే అక్కడి కొన్ని లంకల మీద అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు.

వానాకాలంలో నదులు ఎర్రబారి చేపకు ఎర కనిపించదు, అడవిలో బాటలు మునుగుతాయి. ఉత్తరాది నుంచి వలస వచ్చే పక్షులు కావాలంటే అక్టోబరు, ఏప్రిల్ మధ్య వెళ్లండి.

బస ఖాయం చేసుకునే ముందే మూడు సంగతులు అడిగి తెలుసుకోండి: గాలానికి లైసెన్సు కావాలా, ఏ నీళ్లలో నిషేధం ఉంది, ఏ చేపను ఎంత పొడవు ఉంటే ఉంచుకోవచ్చు. పక్షుల అభయారణ్యాల్లోనూ సముద్ర పార్కుల్లోనూ చాలా చోట్ల గాలం పూర్తిగా నిషేధం. "అందరూ వేస్తున్నారు కదా" అన్నది అక్కడ జవాబు కాదు.

2. పోటు పట్టిక రాసుకోండి

అసలు పని ఇదే, కాబట్టి తొందరపడకండి. చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ప్రతి పోటూ మరుసటి రోజు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. మీరు ఉండే రోజులన్నింటికీ పోటు వేళలు ఒక కాగితం మీద రాసి, పక్కన సూర్యోదయం వేళ వేయండి.

ఇక మూడు సూత్రాలు. అడవి పక్షులకు తెల్లవారుజాము తప్పదు. బురదమేటల మీద తిరిగే ఉల్లంకులు, ప్లోవర్లు పోటు నిండడానికి ముందు రెండు గంటల్లో బాగా కనిపిస్తాయి, ఎందుకంటే ఎక్కే నీరు వాటిని మీవైపు తరుముతుంది. మడ కాలువల నోటి దగ్గర గాలానికి మంచి సమయం నీరు తీస్తున్నప్పుడు. లోపల దాక్కున్న చిన్న చేపలు, రొయ్యలు నీటితో పాటు బయటికి రాక తప్పదు, పెద్ద చేపలు నోటి దగ్గర కాపు కాస్తాయి.

ఇప్పుడు పట్టిక చూడండి. ఉదయం 8 గంటలకు పోటు ఉంటే తెల్లవారగానే మేటల దగ్గర పక్షులు, తొమ్మిది దాటాక గాలం. మధ్యాహ్నం పోటు ఉంటే పొద్దున అడవి, 10 గంటలకు మేటలు, ఎండ వాలాక గాలం. సాయంత్రం 5కు పోటు ఉన్న రోజు మాత్రం చిక్కు: ముందు పోటు తెల్లవారకముందే వచ్చిపోయి ఉంటుంది, నీరు తీసే సమయమూ అడవి పక్షుల సమయమూ ఒకటే అవుతాయి. అలాంటి రోజులు వరసగా రెండు, మూడు వస్తాయి. ఒక రోజు దానికి, ఒక రోజు దీనికి ఇవ్వండి. రెండింటి మధ్య పరుగెత్తితే రెండూ పోతాయి.

థాయ్‌లాండ్ సింధుశాఖలో చాలా చోట్ల, జావా సముద్రంలో రోజుకు ఒకే పోటు. అందుకని పక్క ఊరి పట్టిక పట్టుకుని లెక్క వేయకండి. పట్టిక సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడానికి మొదటి రోజే రేవు దగ్గర నీటి అంచున ఒక పుల్ల గుచ్చి అరగంట తర్వాత చూడండి. పట్టిక చెప్పిన దిక్కుకే నీరు కదులుతోందా?

3. ముందు రాత్రే సామాను పరీక్షించండి

ముడి వేశాక బిగించే ముందు ఉమ్మితో గానీ నీటితో గానీ తడపండి. పొడిగా లాగితే రాపిడి వేడికి దారం అక్కడే బలహీనపడుతుంది. తర్వాత చేతికి గుడ్డ చుట్టుకుని గట్టిగా లాగి చూడండి. ముడి ఊడిపోయి, దారం కొన పందితోకలా మెలికలు తిరిగి ఉంటే అది తెగలేదు, ముడి జారింది. చుట్లు పెంచి మళ్లీ వేయండి.

రీలు డ్రాగ్ (చేప గట్టిగా లాగినప్పుడు దారాన్ని కొద్దికొద్దిగా వదిలే బ్రేకు) బిగింపును స్ప్రింగు త్రాసుతో చూడండి. 10 కిలోల దారమైతే త్రాసు ముల్లు 2.5 లేదా 3 కిలోల దగ్గరికి రాగానే రీలు దారం వదలడం మొదలుపెట్టాలి. కొత్తవారిలో ఎక్కువమంది దీన్ని బిగించేస్తారు, పెద్ద చేప మొదటి ఊపుకే దారం తెగుతుంది.

కొక్కేల మీది ఎదురు ముల్లును పటకారుతో నొక్కి చదును చేయండి. దూది మీద గుచ్చి వెనక్కి లాగితే పోగులు పట్టకుండా రావాలి. దీనివల్ల చేపలు తప్పించుకుంటాయన్న భయం చాలామందికి ఉంటుంది. దారం వదులు కానివ్వకపోతే అంతగా తప్పించుకోవు, పైగా ఆ కొక్కెం మీ వేలికే గుచ్చుకున్న రోజున ఈ పని విలువ తెలుస్తుంది.

బైనాక్యులర్‌కు కుడి కంటి దగ్గర ఉండే సర్దుబాటు చక్రాన్ని ఇంట్లోనే సరిచూసుకోండి. కుడివైపు కటకాన్ని మూసి, మధ్య చక్రంతో దూరపు అక్షరాలను ఎడమ కంటికి స్పష్టం చేయండి. తర్వాత ఎడమవైపు మూసి, కుడి చక్రం తిప్పండి. రాత్రి ఏసీ గదిలో పెట్టిన బైనాక్యులర్ పొద్దున తేమ గాలి తగలగానే మంచు పట్టినట్టు అవుతుంది. బయటికి వెళ్లే అరగంట ముందు దాన్ని వరండాలో ఉంచండి.

4. తెల్లవారుజాము: అడవి అంచు

భూమధ్యరేఖ దగ్గర చీకటి నుంచి వెలుగు చాలా త్వరగా వస్తుంది. సూర్యోదయానికి ముందు పనికొచ్చే వెలుతురు 20 నిమిషాలకు కాస్త ఎక్కువ, అంతే. కాబట్టి చీకట్లోనే చోటికి చేరుకోండి.

అందరూ చేసే పొరపాటు నడుస్తూనే ఉండడం. పండ్లు కాసిన మర్రిజాతి చెట్టు ఒకటి చూసుకుని, సూర్యుడు వెనక ఉండేలా నిలబడండి. అడవి పావుగంట మూగగా ఉండి, ఉన్నట్టుండి అన్ని కొమ్మలూ ఒకేసారి కదులుతాయి. రకరకాల పక్షులు ఒకే గుంపుగా మేత కోసం తిరగడం ఉష్ణమండల అడవుల్లో మామూలే. అప్పుడు ఒక్క పక్షి వెంట పడకుండా, పైకొమ్మల నుంచి కింది పొదల దాకా ఒక్కసారి కళ్లు తిప్పండి. మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో దండు చీమలు కదిలే చోట పురుగుల కోసం పక్షులు కాచుకుని ఉంటాయి. ప్యాంటు అంచులు సాక్సుల్లో దోపుకుని, చీమల బారుకు ఎడంగా నిలబడండి.

పక్షి కూత రికార్డు వేసి పిలవడం మానండి. చాలా పార్కుల్లో నిషేధం, గూడు కట్టుకునే రోజుల్లో దానికి నష్టం కూడా.

గుర్తింపుకు కార్నెల్ పక్షి పరిశోధనశాల వారి మెర్లిన్ యాప్ ఉచితం. ఆ ప్రాంతపు పక్షుల ప్యాకు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, అడవిలో సిగ్నల్ ఉండదు. అయితే కూత విని అది చెప్పే పేరును సూచనగానే తీసుకోండి. ముందు నోటుబుక్కులో రాయండి: పరిమాణం, ముక్కు ఆకారం, కాళ్ల రంగు, ఏం చేస్తోంది. ఆ తర్వాతే యాప్ తెరవండి. వరస తిరగేస్తే చూసిన పక్షి జ్ఞాపకంలోనే మారిపోయి, తెరమీది బొమ్మలా తయారవుతుంది. చివరిగా, ఆ పక్షి ఆ ప్రాంతంలో, ఆ నెలలో, ఆ ఎత్తులో ఉండేదేనా అని పటం చూడండి. కాదంటే పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టండి, ఆ పేజీకి అదేమీ అవమానం కాదు.

5. పోటు ఎక్కుతుండగా: బురదమేటలు

పోటుకు రెండు గంటల ముందే చేరి, ఒకచోట కూర్చోండి. మీరు పక్షుల దగ్గరికి పోవద్దు, నీరే వాటిని తెస్తుంది. గుంపు మొత్తం తల ఎత్తి చూస్తోందంటే మీరు మరీ దగ్గరయ్యారు. అప్పటికీ కదిలితే అన్నీ లేచిపోతాయి. ఇసుక మీద గుడ్లు పెట్టే టెర్న్‌ల స్థావరాల్లోకి అసలే వెళ్లవద్దు: తల్లి లేచిపోతే ఆ ఎండకు గుడ్లు కొద్ది నిమిషాల్లోనే దెబ్బతింటాయి.

6. నీరు తీస్తుండగా: కాలువ నోటి దగ్గర గాలం

నీటిలో దిగితే అడుగు ఎత్తి వేయకండి, పాదాలు నేలమీద ఈడుస్తూ నడవండి. ఇసుకలో పడుకున్న టేకు చేప అలికిడికి తప్పుకుంటుంది, తొక్కితే తోక ముల్లుతో పొడుస్తుంది. టేకు చేప గానీ స్టోన్‌ఫిష్ గానీ గుచ్చితే గాయాన్ని ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో, 45 డిగ్రీలు మించకుండా, ఉంచండి. నొప్పి తగ్గుతుంది, కానీ ఆసుపత్రికి వెళ్లడం తప్పదు.

భారత తూర్పు తీరం నుంచి ఉత్తర ఆస్ట్రేలియా దాకా మడ కాలువల్లో ఉప్పునీటి మొసలి ఉండవచ్చు. అలాంటి చోట నీటిలో దిగవద్దు, నీటి అంచుకు కనీసం 5 మీటర్ల దూరంలో ఉండండి, రోజూ ఒకే చోట నిలబడవద్దు, చేపను ఒడ్డున కోయవద్దు.

నీటికి అడ్డంగా, కాస్త ఎగువకు విసిరి, ప్రవాహం ఎరను కాలువ నోటి దగ్గరికి మోసుకొచ్చేలా చుట్టండి. సర్కిల్ హుక్కు వాడుతుంటే చేప అందుకోగానే కర్రను గుంజకండి. అలవాటున్నవారికి ఇదే కష్టం. దారం దానంతట అది బిగుసుకునే దాకా ఆగి, నిదానంగా చుట్టడం మొదలుపెట్టండి. కొక్కెం నోటి మూలలో పట్టి ఉంటే మీరు సరిగ్గా చేసినట్టు. గొంతులో ఉంటే ఆలస్యం చేశారు లేదా కొక్కెం చిన్నది.

పండుగప్ప మొప్ప మూత అంచు కత్తిలా ఉంటుంది. ఫ్లోరోకార్బన్ దారం మీద వేలు నడిపి చూడండి: ఎక్కడైనా గరుకు తగిలితే అంతవరకు కోసేసి కొత్త ముడి వేయండి. ప్రతి చేప తర్వాతా ఇది చేయాలి.

పడవలో ఉంటే మీ బైనాక్యులరే చేపల జాడ చెబుతుంది. ఫ్రిగేట్ పక్షి ఎత్తున చక్కర్లు కొడుతోందంటే అది వెతుకుతోంది, మీరూ ఎదురుచూడండి. కిందికి జారుతోందంటే చిన్న చేపలు పైకి వచ్చాయి. టెర్న్‌లు ఒకేచోట మునుగుతుంటే కింద పెద్ద చేపలు తరుముతున్నాయి. నీటికి తగ్గున బారుగా, తిన్నగా పోతున్న పక్షులను వెంబడించకండి, అవి దారిన పోతున్నాయంతే. గుంపు నీటి మీద కూర్చుంటే చేపలు లోతుకు పోయాయి. వెళ్లిపోకుండా కాసేపు ఆగండి. గుంపు మధ్యలోకి పడవ తోలితే పక్షులూ చేపలూ రెండూ పోతాయి. గాలి వచ్చే వైపు నుంచి వెళ్లి, ఇంజను ఆపి, గాలికి కొట్టుకొస్తూ గుంపు అంచుకు మాత్రమే విసరండి. తలల మీదుగా ఎప్పుడూ విసరవద్దు.

ఉరుము వినిపిస్తే కర్ర కింద పెట్టండి. కార్బన్ కర్ర విద్యుత్తును మోస్తుంది. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి.

7. పక్షి గాలానికి చిక్కితే

ఎరను చేప అనుకుని టెర్న్, బూబీ, నీటికాకి, గూడబాతు దాన్ని అందుకోవడం అరుదేమీ కాదు. కంగారులో అందరూ చేసేది దారం కోసేయడం. అదే దానికి ఉరి. వేలాడే దారం కొమ్మకు చుట్టుకుని పక్షి అక్కడే చనిపోతుంది.

దారం తెంచకుండా, మెల్లగా, ఆగకుండా చుట్టండి. వంతెన మీదో పడవలోనో ఉంటే దారంతో పైకి లాగవద్దు, వలగరిటె పెట్టి ఎత్తండి. కళ్లద్దాలు తీయకండి, కొంగజాతి పక్షులు కంటికి గురిపెట్టి పొడుస్తాయి. తువ్వాలు తలమీద కప్పితే పక్షి శాంతిస్తుంది. రెక్కలు ఒంటికి ఆనించి, తల వెనక నుంచి ముక్కును పట్టుకోండి. బూబీ, నీటికాకి, గూడబాతులకు బయటికి తెరిచి ఉండే ముక్కురంధ్రాలు ఉండవు, నోటితోనే ఊపిరి పీలుస్తాయి. కాబట్టి ముక్కు పూర్తిగా మూయకుండా మధ్యలో ఒక వేలు ఉంచండి.

ఎదురు ముల్లు నొక్కేసిన కొక్కెం అయితే వచ్చిన దారినే వెనక్కి తీయవచ్చు. ముల్లు ఉంటే కొనను ముందుకే నెట్టి, బయటికి రాగానే ముల్లును కట్టరుతో కత్తిరించి, మిగిలినది వెనక్కి లాగండి. మింగేసి ఉంటే లాగవద్దు. గాలి ఆడే పెట్టెలో పెట్టి అటవీ సిబ్బందికో పశువైద్యుడికో అప్పగించండి. వదిలే ముందు రెక్కలు, కాళ్లు, వేళ్ల మధ్య దారం మెలికలు లేవని చూడండి. నీటి వైపు తిప్పి నేలమీద ఉంచితే దానంతట అదే లేస్తుంది.

8. చేప చేతికి వచ్చాక

వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ, అందుకే పోరాటం సాగదీస్తే వదిలిన చేప కూడా బతకదు. చేతులు తడుపుకుని పట్టుకోండి, పొడి చేయి దాని ఒంటి జిగురును తుడిచేస్తుంది. ఫోటో కోసం నీటి బయట ఉంచినంతసేపు మీరూ ఊపిరి బిగపట్టండి, మీకు ఊపిరి ఆడనప్పుడు దానికీ ఆడదు. నీటిలో నిటారుగా పట్టుకుని, తోక బలంగా ఆడించాకే వదలండి.

తినాలనుకుంటే పగడపు దిబ్బల దగ్గరి పెద్ద వేటచేపలను వదిలేయండి. బారకూడా, పెద్ద గ్రూపర్, మోరే ఈల్ ఒంట్లో సిగ్వటెరా విషం చేరి ఉండవచ్చు. దానికి రుచి లేదు, వాసన లేదు, వండినా గడ్డకట్టించినా పోదు. రేవులో స్థానికులు ఏ చేపను ముట్టుకోరో అడిగి తెలుసుకోండి, వారి మాట మీద వాదించకండి.

9. రాత్రి పని

రీలును సన్నని ధారగా మంచినీటితో కడగండి, గట్టి ధార కొడితే ఉప్పు లోపలికే పోతుంది. డ్రాగ్ వదులు చేసి ఉంచండి. బైనాక్యులర్ కటకాలను తుడిచే ముందు ఉప్పు పొడి, ఇసుక ఊదేయండి, లేకపోతే గీతలు పడతాయి. తెగిన దారం ముక్కలను మూరెడు పొడవు కూడా మిగలకుండా చిన్నగా కత్తిరించి మూత ఉన్న డబ్బాలో వేయండి. రేవు దగ్గర దారం వేయడానికి ప్రత్యేక గొట్టం ఉంటే అందులో పారేయండి, లేకపోతే ఆ డబ్బా మీతోనే తిరిగి రావాలి.